విశాఖ తీరంలో గుంపుగా సముద్రపు ఈత: తయారీ నుంచి తాబేళ్లు, జెల్లీ ఫిష్‌ల దాకా

రుషికొండ వైపు పొద్దున్నే నారింజ రంగు టోపీలతో ఈదేవాళ్లను చూసి చాలామంది అవే ప్రశ్నలు అడుగుతున్నారు. మేమూ రావచ్చా? ఎంత ఈత రావాలి? జెల్లీ ఫిష్ తగిలితే ఏం చేయాలి? పాములుంటాయట కదా? ముక్కలు ముక్కలుగా జవాబులు చెబితే ప్రమాదం, అందుకే అంతా ఒకచోట వరసగా రాస్తున్నాను.

కొలనులో ఈత బాగా వచ్చి, సముద్రంలో ఇంకా దిగని పెద్దవాళ్ల కోసం ఇది. ఈత నేర్పే వ్యాసం కాదు. పిల్లల్ని తీసుకొచ్చే విషయం కూడా ఇందులో లేదు, దాని జాగ్రత్తలు వేరే.

మా గుంపు పద్ధతి అంతా మూడు మాటల్లో ఉంది: ఒడ్డు వెంబడి ఈదాలి, లోపలికి కాదు. అందరిలో నెమ్మదిగా ఈదేవాళ్ల వేగమే గుంపు వేగం. దిగిన తలలు, ఒడ్డుకు తిరిగొచ్చిన తలలు లెక్క సరిపోవాలి. కింద రాసినవన్నీ ఈ మూడింటి కోసమే. సముద్రంలో జీవులు బాగా కనబడేది కూడా ఇలా నెమ్మదిగా, తీరం దగ్గర ఈదేవాళ్లకే.

1. ముందు కొలనులో తేల్చుకోవాల్సినవి

సముద్రంలో పట్టుకోవడానికి గోడ ఉండదు, కిందకి చూస్తే గీత ఉండదు. అందుకని బీచ్ రోడ్డులోని ఆక్వా స్పోర్ట్స్ కాంప్లెక్స్‌లోనో, మీకు దగ్గరున్న ఏ కొలనులోనో ఇవన్నీ ముందే చేసి చూసుకోండి.

□ 400 మీటర్లు ఎక్కడా ఆగకుండా ఈదడం. ఏ స్ట్రోక్ అయినా సరే, వేగం అక్కర్లేదు.
□ కాళ్లు నేలకు తగలని చోట 10 నిమిషాలు నీటిలో నిలబడి ఉండటం.
□ వెల్లకిలా తేలుతూ ఊపిరి సర్దుకోవడం.
□ గాగుల్స్ ఊడినా, నోట్లోకి నీళ్లు పోయినా కంగారు పడకుండా ఈత కొనసాగించడం.
□ ఆరేడు స్ట్రోక్‌లకు ఒకసారి తల కొద్దిగా ఎత్తి ముందున్న గుర్తును చూడటం.
□ కుడి, ఎడమ రెండు వైపులా ఊపిరి తీసుకోవడం. అల ఒకవైపు నుంచే ముఖానికి కొడుతుంటే రెండో వైపు కావాలి.

వీటిలో ఏది రాకపోయినా ఇంకో నెల కొలనులోనే ఉండండి. గుండె జబ్బు, బీపీ, ఆస్తమా ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడిగాకే రావాలి. ఫిట్స్ వచ్చేవాళ్లు సముద్రపు ఈత పెట్టుకోవద్దని నా గట్టి మాట.

2. చోటు ఎంచుకోవడం

విశాఖ తీరమంతా ఒక్కలా ఉండదు. ఆర్కే బీచ్‌లో ఒడ్డు చాలాచోట్ల నిటారుగా దిగుతుంది, అల గట్టు దగ్గరే విరిగి మనిషిని కింద పడేస్తుంది, వెనక్కి పోయే నీరు లోపలికి లాగేస్తుంది. ఏటా ప్రాణాలు పోతున్నది మోకాలి లోతులో నిలబడ్డామనుకున్నవాళ్లవే. అక్కడ ఈత వద్దు.

యారాడ చూడటానికి అందంగా ఉంటుంది, కానీ అల బలం ఎక్కువ, ఊరికి దూరం, సాయం రావడం ఆలస్యం. భీమిలిలో గోస్తనీ సముద్రంలో కలిసే చోటుకు దూరంగా ఉండాలి. నది నీరు, పోటు నీరు ఎదురెదురుగా తగిలే ఆ మూతి దగ్గర ప్రవాహం ఎప్పుడు ఎటు తిరుగుతుందో కొత్తవాళ్లకు అందదు. హార్బర్ మూతి, డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు ఓడలు తిరుగుతాయి, నేవీ ఆంక్షలు ఉంటాయి. నేవీ డే (డిసెంబర్ 4) విన్యాసాలు విశాఖలో జరిగే ఏడాది, వాటి ముందు రోజుల్లో ఆర్కే బీచ్ చుట్టుపక్కల నీళ్లలో విన్యాసాల రిహార్సల్స్ జరుగుతుంటాయి కాబట్టి ఆ వారం పోలీసుల ప్రకటనలు చూసుకోండి.

మొదలుపెట్టడానికి రుషికొండే మేలు. శుభ్రత, భద్రత చూసి ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో వచ్చిన బీచ్ అది. జనం ఉంటారు, రోడ్డు దగ్గర. స్నానాలకు హద్దు కట్టి ఉంటే ఆ హద్దు దాటకండి. లైఫ్‌గార్డ్‌లతో ముందే మాట్లాడి, ఏ రోజు ఎంతమంది ఏ గంటకు దిగుతారో చెప్పండి. వాళ్లు వద్దంటే ఆ రోజు ఈత లేదు. ఇందులో వాదన ఉండకూడదు.

లైఫ్‌గార్డ్‌ల తర్వాత మాట్లాడాల్సింది దగ్గరి పల్లెలోని మత్స్యకారులతో. పడవలు ఎక్కడ ఒడ్డుకు వస్తాయి, అలివి వల (ఒడ్డు మీదికి లాగే పెద్ద వల) ఎక్కడ లాగుతారు, రాళ్లు నీటి కింద ఎక్కడ దాక్కుని ఉన్నాయి అనేది వాళ్లకు తెలిసినట్టు ఏ మ్యాప్‌కూ తెలియదు. "బాబాయ్, ఇయ్యాల నీరు ఎటు నడుస్తోంది?" అని అడిగితే ఓపిగ్గా చెబుతారు. వాళ్ల వల ఉన్న వైపు ఈదకపోవడం మన మర్యాద. వల తాళ్లలో కాలు ఇరుక్కుంటే ఎంత ఈత వచ్చినా పనికిరాదు.

3. నెల, రోజు, గంట

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య వరకు అన్నిటికన్నా మంచి కాలం. సముద్రం కాస్త నెమ్మదిగా ఉంటుంది, నీరు తేటగా ఉండే రోజులు ఎక్కువ. డిసెంబర్, జనవరి కూడా బాగుంటాయి, తాబేళ్లు కనబడే కాలం అది.

ఏప్రిల్ రెండో సగంలో, మే నెలలో గాలి పెరుగుతుంది. అడుగు నీరు పైకి తేలి ఒక్కోరోజు నీళ్లు అనుకోనంత చల్లగా తగులుతాయి. ఒడ్డున ఉక్కపోత, లోపల చలి అయితే కండరాలు పట్టేస్తాయి, అలాంటి రోజు దూరం సగం చేయండి.

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా కొత్తవాళ్లు కొలనులోనే ఉండాలి. అక్టోబర్, నవంబర్ తుపాన్ల కాలం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ ఈ ఊరిమీదకే వచ్చింది. అల్పపీడనం బంగాళాఖాతంలో ఎక్కడో దూరంగా ఉన్నా దాని అలలు ముందే ఇక్కడికి వస్తాయి. ఆకాశం నీలంగా ఉందని మోసపోవద్దు.

గంట విషయానికొస్తే, తెల్లారి వెలుతురు బాగా వచ్చాక దిగి, ఎండ ముదరకముందే బయటికి రావాలి. పొద్దున పూట నేల మీద నుంచి సముద్రం వైపు వీచే గాలికి నీటి పైభాగం నున్నగా ఉంటుంది. మధ్యాహ్నానికి గాలి తిరగబడుతుంది. చీకట్లో మాత్రం వద్దు. వేటకెళ్లిన ఫైబర్ బోట్లు తిరిగొచ్చేది ఆ వేళకే, నీళ్లలో మీ తల వాళ్లకు కనబడదు.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కాబట్టి మరపడవల రాకపోకలు బాగా తగ్గుతాయి. అయినా పడవ రాదని అనుకుని ఈదకండి.

బయల్దేరే ముందు రాత్రి చూసుకోవాల్సినవి:

□ హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే అలల సూచన. వాళ్ల 'సముద్ర' అనే యాప్‌లో కూడా చూడొచ్చు. హెచ్చరిక ఉంటే ఈత రద్దు.
□ అల ఎత్తు. కొత్తవాళ్లు ఉన్న రోజు మీటరు దాటితే రద్దు.
□ అలకూ అలకూ మధ్య సమయం. ఎత్తు తక్కువే ఉన్నా 12, 14 సెకన్లు దాటిందంటే దూరం నుంచి వస్తున్న బలమైన అలలు. కాసేపు ప్రశాంతంగా ఉండి ఒక్కసారిగా నాలుగైదు పెద్దవి వస్తాయి.
□ పోటు, పాటు వేళలు. అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో నీటి తేడా ఎక్కువ, లాగుడూ ఎక్కువ.
□ గడిచిన రెండు మూడు రోజుల్లో గట్టి వాన పడిందా? పడితే గెడ్డల్లోంచి, అంటే వాగుల్లోంచి, ఊరి మురుగంతా సముద్రంలోకి వస్తుంది. నీరు గోధుమ రంగులో ఉంటే దిగొద్దు.
□ కార్తీక మాసం, మాఘ పౌర్ణమి లాంటి సముద్ర స్నానాల రోజులా? అయితే లైఫ్‌గార్డ్‌ల చూపు జనం మీద ఉండాలి, మన మీద కాదు. ఆ రోజు మానేయండి.

4. గుంపు కట్టడం

ఆరుగురి నుంచి పన్నెండు మంది వరకు సరైన సంఖ్య. అంతకన్నా ఎక్కువైతే రెండు గుంపులు చేయండి. ఒంటరిగా, "నేను కాస్త ముందు దిగుతాను" అనడం ఉండకూడదు.

ప్రతి ఈతకూ ఒకరు నీళ్లలోకి దిగకుండా ఒడ్డునే ఉండాలి. ఈ బాధ్యత అందరికీ వంతులవారీగా రావాలి, అనుభవం ఉన్నవాళ్లకు కూడా. ఒడ్డు మనిషి దగ్గర పేర్ల జాబితా, ఇంటివాళ్ల నంబర్లు, ఛార్జింగ్ ఉన్న ఫోన్, విజిల్, మందుల పెట్టె ఉంటాయి. ఆ గంటసేపు ఫోన్‌లో వీడియోలు చూడటం, బంధువులతో మాట్లాడటం కుదరదు. నీళ్లలో ఉన్నవాళ్ల మీదే కన్ను.

లోపల ఇద్దరిద్దరు జతలుగా ఈదాలి. జతగాళ్ల వేగం దాదాపు ఒకటే ఉండాలి. అన్నదమ్ములనో, భార్యాభర్తలనో జత చేయడం కన్నా వేగం చూసి చేయడం మంచిది. ప్రతి వంద మీటర్లకు ఆగి అందరూ దగ్గరికి చేరి తలలు లెక్కపెట్టాలి.

సంకేతాలు ముందే ఒడ్డున నిలబడి అందరూ చేసి చూపాలి:

□ రెండు చేతులూ తల మీద గుండ్రంగా కలిపితే: నేను బాగానే ఉన్నాను.
□ ఒక చేయి పైకెత్తి ఊపితే: సాయం కావాలి.
□ విజిల్ మూడుసార్లు: అందరూ వెంటనే ఒడ్డుకు.

ఒడ్డు మనిషి ఫోన్‌లో ముందే ఉండాల్సిన నంబర్లు: 112, అంబులెన్స్‌కు 108, కోస్ట్ గార్డ్‌కు 1554. గుంపులో కనీసం ఇద్దరికి సీపీఆర్ (ఊపిరి, గుండె ఆగినవాళ్లకు చేసే ప్రథమ చికిత్స) వచ్చి ఉండాలి. నీళ్లలో మునిగి ఊపిరి ఆగినవాళ్లకు ముందు నోటితో ఊపిరి ఇచ్చి, ఆ తర్వాత ఛాతీ నొక్కాలి. ఈ తేడా తెలిసిన శిక్షకుడి దగ్గర నేర్చుకోండి. దీన్ని వీడియో చూసి నేర్చుకున్నామనుకోవద్దు.

5. సామాను

□ ముదురు నారింజ లేదా గులాబీ రంగు టోపీ. నలుపు, నీలం, తెలుపు అలల్లో కనబడవు.
□ నడుముకు కట్టుకునే గాలి బోయ్. నిండు రంగుది. అలసిపోతే పట్టుకుని తేలొచ్చు, పడవలకు మీ తల కనబడుతుంది. మా గుంపులో ఇది లేకుండా ఎవరినీ దిగనివ్వం.
□ నిండు చేతుల రాష్‌గార్డ్ (ఒంటికి అతుక్కునే ఈత చొక్కా), కాళ్లకు లెగ్గింగ్ లాంటిది. ఎండకూ, జెల్లీ ఫిష్ పోగులకూ ఇదే మంచి అడ్డు. సన్‌స్క్రీన్ ముఖానికి, మెడకు చాలు.
□ పొద్దు ఎదురుగా ఉంటుంది కాబట్టి రంగు అద్దాల గాగుల్స్.
□ చంకలు, మెడ దగ్గర వాజలిన్. ఉప్పునీటికి ఒరిపిడి పుండ్లు పడతాయి.
□ తాగునీరు, ఓఆర్‌ఎస్, తువ్వాలు, చెప్పులు.

ఉంగరాలు, గొలుసులు, మొలతాడుకు వేలాడే వెండి ఇంట్లోనే పెట్టి రండి.

మందుల పెట్టె గుంపుకు ఒకటి: పట్టకారు, శుభ్రమైన గుడ్డ, వెడల్పాటి క్రేప్ బ్యాండేజీలు నాలుగు, తెల్ల వెనిగర్ సీసా, ఫ్లాస్క్‌లో వేడి నీళ్లు, ఒక బేసిన్, కత్తెర, చేతి గ్లవ్స్. వేడి నీళ్లు ఎందుకో పదో భాగంలో ఉంది. అందరూ మరచిపోయేది అదే.

6. దిగే ముందు ఒడ్డున పది నిమిషాలు

ఎక్కువమంది దాటేసే మెట్టు ఇది, ప్రాణాలు కాపాడేదీ ఇదే. కాస్త ఎత్తైన చోట నిలబడి, గడియారం చూసుకుని పది నిమిషాలు సముద్రాన్ని చూడండి. పెద్ద అలల వరస ఎంతసేపటికి ఒకసారి వస్తోంది? అల ఎక్కడ విరుగుతోంది? రెండు విరిగే చోట్ల మధ్య ఎక్కడైనా నీరు ప్రశాంతంగా, ముదురు రంగులో, నురగ లోపలికి పోతూ కనబడుతోందా?

ఆ ప్రశాంతమైన దారే రిప్ కరెంట్. అలలు ఒడ్డుకు తెచ్చిన నీరంతా తిరిగి లోపలికి పోయే సందు అది. కొత్తవాళ్లు అక్కడ అల లేదు కదా అని అటే దిగుతారు. ఇసుక కలిసిన బురద రంగు చార లోపలికి పోతున్నా, చెత్త అటే కొట్టుకుపోతున్నా అదీ రిప్పే. నిన్న ఉన్న చోట ఇవాళ ఉండదు, కాబట్టి రోజూ చూడాల్సిందే.

తర్వాత నీరు ఒడ్డు వెంబడి ఎటు నడుస్తోందో చూడాలి. ఒక కొబ్బరి చిప్పనో, పుల్లనో అలల అవతలికి విసిరి కాసేపు గమనించండి. ఫిబ్రవరి నుంచి మే దాకా మన తీరంలో పెద్ద ప్రవాహం ఉత్తరానికి, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా దక్షిణానికి సాగుతుంది. కానీ ఒడ్డు దగ్గర అలలను బట్టి ఏ పూటకు ఆ పూటే మారుతుంది. ముందు ఎదురు నీటికి ఈదండి, తిరుగు ప్రయాణంలో నీరే మోసుకొస్తుంది. అటూ ఇటూ చేస్తే అలసిపోయాక ఎదురీదాల్సి వస్తుంది.

చివరిగా తడి ఇసుకను చూస్తూ వంద అడుగులు నడవండి. రెండు మూడు జెల్లీ ఫిష్‌లు, ముఖ్యంగా నీలి బుడగలు (బ్లూ బాటిల్), కొట్టుకొచ్చి ఉంటే ఆ రోజు ఈత రద్దు.

7. దిగడం, ఈదడం, తిరిగి రావడం

మోకాలి లోతు వరకు పాదాలు ఎత్తకుండా ఇసుకలో ఈడుస్తూ నడవండి. ఇసుకలో పడుకున్న టేకు చేప (తోక మీద విషపు ముల్లుండేది) ఆ కదలికకు ముందే తప్పుకుంటుంది. అల మీదకు వస్తుంటే దానికి ఎదురు నిలబడొద్దు, గట్టిగా ఊపిరి తీసుకుని దాని కిందకి మునగండి. అల వెళ్లాక లేచి నాలుగు బారలు ఈదండి. పెద్ద వరస వెళ్లిపోయి కాస్త తెరిపి ఇచ్చినప్పుడే అలలు విరిగే గీత దాటాలి.

గీత దాటగానే ఆగండి. బోయ్ పట్టుకుని ఊపిరి సర్దుకోండి. మొదటి రోజు చాలామందికి ఇక్కడే టెన్షన్ వస్తుంది, కింద నేల కనబడక గుండె కొట్టుకుంటుంది. వెల్లకిలా తేలుతూ పదిసార్లు నెమ్మదిగా ఊపిరి వదలండి. తగ్గకపోతే జతగాడితో కలిసి ఒడ్డుకు వచ్చేయండి.

అక్కడి నుంచి ఒడ్డుకు సమాంతరంగా తిరగాలి. ఒడ్డు మీద ఒకదాని వెనక ఒకటి ఉన్న రెండు గుర్తులు పెట్టుకోండి, ముందు దీపస్తంభం, వెనక కొండ మీద చెట్టు అలా. ఆగినప్పుడు రెండూ ఒక వరసలో కనబడినంత సేపు మీరు అక్కడే ఉన్నారు, విడిపోతే నీరు మిమ్మల్ని జరుపుతోంది.

మొదటి నాలుగు ఈతలూ 200 మీటర్లు దాటొద్దు. ఆ తర్వాత వారానికి ఓ వంద చొప్పున పెంచండి.

తిరిగి వచ్చేటప్పుడే దెబ్బలు తగులుతాయి. ఒడ్డు కనబడగానే వెనక్కి చూడటం మానేస్తారు. విరిగే గీత దగ్గర ఆగి, వెనక్కి తిరిగి అల చూసి, పెద్దది పోయాక దాని వెనకే రండి. చేయి ఇసుకకు తగిలే దాకా ఈదాలి, నడుము లోతులో నిలబడితే తర్వాతి అల పడేస్తుంది.

8. నీరు లాగేస్తే

ఒడ్డు దూరమవుతోందని తెలిసిన క్షణం ఒడ్డు వైపు ఈదడం ఆపేయండి. ఆ ప్రవాహానికి ఎదురీది గెలవడం పోటీ ఈతగాళ్లకే కష్టం.

□ బోయ్ పట్టుకుని తేలండి. రిప్ మిమ్మల్ని కిందకి లాగదు, లోపలికి మాత్రమే తీసుకెళుతుంది.
□ చేయి ఎత్తి ఊపండి.
□ ఊపిరి కుదిరాక ఒడ్డుకు సమాంతరంగా ఈది, అలలు విరుగుతున్న చోటికి చేరండి. అక్కడి అలలు ఒడ్డుకే తోస్తాయి.
□ ఒకవైపు కష్టంగా ఉంటే రెండో వైపు ప్రయత్నించండి. అలసిపోతే మళ్లీ తేలండి.

ఇంకొకరు చిక్కుకుంటే ఖాళీ చేతులతో దూకొద్దు. ఒడ్డు మనిషి లైఫ్‌గార్డ్‌ను పిలవాలి, దగ్గరున్నవాళ్లు బోయ్ అందించాలి తప్ప మనిషిని పట్టుకోకూడదు.

9. నీళ్లలో ఎదురయ్యేవాళ్లు

సొరల భయంతో రానివాళ్లు చాలామంది. మన తీరంలో ఈతగాళ్లు భయపడాల్సింది అలలకు, లాగే నీటికి. జీవుల్లో ఏదీ మనల్ని వెతుక్కుంటూ రాదు. మనం తొక్కితేనో, తాకితేనో, దారికి అడ్డం పడితేనో సమస్య. అన్నిటికీ ఒకటే నియమం: చూడండి, తాకొద్దు, వెంటపడొద్దు.

ఆలివ్ రిడ్లే తాబేళ్లు. చలికాలంలో తీరం దగ్గరికి వస్తాయి, జనవరి నుంచి ఏప్రిల్ మధ్య రాత్రిళ్లు ఒడ్డెక్కి ఒక్కో గూటిలో వంద పైచిలుకు గుడ్లు పెడతాయి. సాగర్ నగర్, జోడుగుళ్లపాలెం వైపు అటవీ శాఖ వాటి గుడ్లను పొదిగించే కేంద్రాలు పెడుతుంది. నీళ్లలో కనబడితే పది మీటర్ల దూరంలో ఆగిపోండి. అది ఊపిరి కోసం పైకి రావాలి, మీరు దాని పైన తేలుతుంటే భయపడి మళ్లీ కిందకే పోతుంది. పక్కకు తప్పుకుని కదలకుండా ఉంటే, ఒక్కోసారి అదే దగ్గర్లో తల ఎత్తి ఊపిరి తీసుకుని వెళుతుంది. పొద్దున ఈతలో ఇంతకన్నా గొప్ప భాగ్యం నాకు తెలియదు.

ఒడ్డున గుడ్లు పెడుతున్న తాబేలు కనబడితే వెనకవైపు దూరంగా ఉండండి. టార్చ్, ఫ్లాష్ వద్దు. పిల్లలు సముద్రానికి పోతుంటే చేతుల్లోకి తీసుకుని వదలొద్దు, వాటంతట అవే నడవాలి. దారిలో పాదముద్రల గుంటలుంటే సరిచేయండి, చాలు. చచ్చి కొట్టుకొచ్చినవి కూడా ఈ నెలల్లో కనబడతాయి, చాలావరకు వలల్లో చిక్కి ఊపిరాడక పోయినవే. ఫొటో, చోటు, తేదీతో అటవీ శాఖకు చెప్పండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఇవి మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. గుడ్డు తీయడం, తాబేలును పట్టుకోవడం నేరం.

జెల్లీ ఫిష్. నీటిలో పారేసిన పాలిథిన్ కవర్లలా కనబడతాయి, అందుకే చూసేసరికే తగిలేస్తాయి. గాలి సముద్రం మీద నుంచి ఒడ్డుకు వీచిన మర్నాడు ఎక్కువ. మూడు రకాలు గుర్తుపట్టడం అవసరం. నీలి బుడగ, కింద నీలి పోగులు ఉంటే బ్లూ బాటిల్. బుడగ అరచేతిలో పట్టేంతే, పోగులు మీటర్ల పొడవు. చచ్చి ఇసుకలో ఎండినా కుడుతుంది. గులాబీ, ఊదా రంగులో చిన్న మచ్చలతో ఉండేది పెలాజియా, దాని గొడుగు మీద కూడా విషపు కణాలుంటాయి. చతురస్రం గొడుగు, మూలల నుంచి పోగులు వేలాడే పారదర్శకమైనది బాక్స్ జెల్లీ. అన్నిటికన్నా ప్రమాదం అదే. ఒకటి కనబడితే దాని చుట్టూ తిరిగి వెళ్లొచ్చు. వరసగా కనబడుతుంటే మూడు విజిళ్లు, అందరూ బయటికి.

టేకు చేపలు. తోక మీద విషపు ముల్లు. ఇసుక రంగులో కలిసిపోయి పడుకుంటాయి. పైన చెప్పినట్టు కాళ్లు ఈడ్చడమే మందు. వలల్లోంచి విదిలించి పారేసిన జెల్లల (మీసాల చేపల) ముళ్లు కూడా ఇసుకలో ఉంటాయి, నీటి గట్టు దాకా చెప్పులు వేసుకోండి.

సముద్రపు పాములు. ఉంటాయి, విషమూ ఎక్కువే. తోక తెడ్డులా బల్లపరుపుగా ఉంటుంది, ఊపిరికి పైకి వచ్చి మళ్లీ మునుగుతుంది. దగ్గరికి వచ్చినా కాలితో తన్నకుండా, చేతులు ఆడించకుండా నెమ్మదిగా పక్కకు జరగండి. కాట్లు ఎక్కువగా పడేది ఈతగాళ్లకు కాదు, వలలోంచి చేత్తో తీసేవాళ్లకు. ఒడ్డున కదలకుండా పడున్నదాన్ని చచ్చిందనుకుని తిప్పిచూడొద్దు.

చేపల గుంపులు. నెత్తళ్లు, కవ్వలు మెరుస్తూ చుట్టూ తిరిగితే ఆగి చూడండి. కానీ నీళ్లు ఉడుకుతున్నట్టు కదిలి, పక్షులు పైనుంచి దూకుతుంటే దూరం పోవాలి. పెద్ద చేపలు వేటాడుతున్నాయి, వాటి వెనక వలలూ వస్తాయి.

డాల్ఫిన్లు. ఒడ్డుకు కాస్త దూరంలో వెన్ను చూపుతూ పోతాయి. వాటి కోసం లోపలికి ఈదడం వద్దు. ఒడ్డు వెంబడి అన్న మొదటి నియమం ఎక్కువగా తెగేది ఇక్కడే.

తిమింగల సొర. ఈదేవాళ్లకు కనబడటం చాలా అరుదు. 2021 డిసెంబర్‌లో తంతడి తీరంలో వలలో చిక్కిన ఒకదాన్ని అటవీ శాఖ, మత్స్యకారులు కలిసి తిరిగి సముద్రంలోకి పంపారు. పేరులో సొర ఉన్నా తినేది నీటిలో తేలే సూక్ష్మజీవులను. కనబడితే తోకకు దూరంగా ఆగిపోండి.

రాళ్ల మీది ప్రాణులు. తెన్నేటి పార్క్ కింద, మంగమారిపేట దగ్గర పాటు వేళ రాళ్ల మడుగుల్లో సముద్ర పుష్పాలు, పీతలు, చిన్న ఆక్టోపస్‌లు దొరుకుతాయి. ఇది ఈత లేని రోజు చేసే పని. రాయి ఎత్తితే అలాగే తిరిగి పెట్టండి. అందమైన నక్షత్రాల, వలల గీతలున్న కోను ఆకారపు గవ్వను జేబులో వేసుకోవద్దు, లోపల ప్రాణం ఉంటే విషపు సూది గుచ్చుతుంది. ఈదుతూ రాళ్ల మీదకు ఎక్కకండి, వాటికి అంటుకున్న గుల్లలు బ్లేడులా కోస్తాయి.

10. కుడితే, గుచ్చుకుంటే, కరిస్తే

జెల్లీ ఫిష్:
□ వెంటనే నీళ్లలోంచి బయటికి. రుద్దొద్దు, ఇసుక రాయొద్దు, మంచినీళ్లు పోయొద్దు, మూత్రం అసలు వద్దు. ఇవన్నీ మిగిలిన విషపు కణాలను పేలుస్తాయి.
□ సముద్రపు నీటితో కడగండి. పోగులను పట్టకారుతో తీయండి.
□ పోగులు తీశాక, ఫ్లాస్క్ నీళ్లు కలిపిన 45 డిగ్రీల దగ్గర వేడి నీటిలో కుట్టిన చోటును 20 నిమిషాలు ఉంచండి. బాగున్న చెయ్యి పెట్టి చూసి తట్టుకోగలిగేంత ఉండాలి, కాల్చేంత కాదు.
□ బాక్స్ జెల్లీ అని తెలిస్తే పోగులు తీసే ముందు వెనిగర్ 30 సెకన్లు ధారగా పోసి 108కి ఫోన్. బ్లూ బాటిల్‌కు వెనిగర్ వాడొద్దు.
□ ఊపిరి ఆడకపోయినా, ఛాతీలో నొప్పి ఉన్నా, వాంతులవుతున్నా, ముఖం వాచినా ఏ రకమని ఆలోచించకుండా ఆసుపత్రికి.

టేకు, జెల్ల ముల్లు:
□ రక్తం కారుతుంటే గుడ్డతో నొక్కండి.
□ అంతే వేడి నీళ్లలో 30 నుంచి 90 నిమిషాలు. నొప్పి తగ్గేది దీనితోనే.
□ ముల్లు ఛాతీలో, పొట్టలో, మెడలో దిగితే లాగొద్దు, అలాగే ఆసుపత్రికి.
□ నొప్పి తగ్గినా డాక్టర్‌కు చూపించాలి, ముక్క లోపల ఉండిపోతుంది. టీటీ (ధనుర్వాతం) ఇంజెక్షన్ సంగతి అడగండి.

సముద్రపు పాము కాటు:
□ నొప్పి లేకపోవచ్చు, గాటు కనబడకపోవచ్చు. లక్షణాలు గంటల తర్వాత కూడా వస్తాయి. అనుమానం ఉంటే చాలు.
□ పడుకోబెట్టండి, నడవనివ్వొద్దు. వేళ్ల నుంచి పైదాకా క్రేప్ బ్యాండేజీ గట్టిగా చుట్టి, కర్రతో కదలకుండా కట్టండి. తాడు బిగించడం, కోయడం, పీల్చడం వద్దు.
□ 108లో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) లాంటి పెద్దాసుపత్రికి. "సముద్రపు పాము" అని స్పష్టంగా చెప్పండి. మన దగ్గర వాడే మామూలు పాము విషపు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర కోసం తయారైంది, దీనికి కాదు. వెంటిలేటర్, డయాలిసిస్ ఉన్నచోటికే వెళ్లాలి.

గుల్లల కోతలు: సబ్బు, మంచినీళ్లతో బాగా కడగండి. ఎరుపు పాకుతున్నా, జ్వరం వచ్చినా అదే రోజు డాక్టర్ దగ్గరికి. షుగర్, లివర్ జబ్బు ఉన్నవాళ్లు పుండు మానేదాకా సముద్రంలో దిగొద్దు.

నీళ్లు మింగి గంట తర్వాత కూడా దగ్గుతున్న మనిషిని ఇంటికి పంపకండి. ఊపిరితిత్తుల్లోకి నీరు పోయి ఉండొచ్చు, డాక్టర్ చూడాలి.

11. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

వచ్చాం కదా అని దిగడం. పెట్రోలు పోసుకుని యాభై కిలోమీటర్లు వచ్చినా సముద్రం బాగోలేకపోతే ఒడ్డున నడిచి, టీ తాగి వెళ్లాలి. రద్దు చేసే హక్కు ఒక్కరికి ఇవ్వండి, ఓటింగ్ పెట్టొద్దు.

ఫొటో కోసం ఆగిపోవడం. తాబేలును చూస్తూ జతగాణ్ని వదిలేస్తారు. ఒకరు ఫొటో తీస్తే రెండోవారు చుట్టూ చూడాలి.

ఖాళీ కడుపుతో ఈదడం. అరటిపండు ఒకటి తిని రండి. రాత్రి మందు తాగినవాళ్లను పొద్దున దించొద్దు.

గాగుల్స్‌లో పొగమంచు. ఒడ్డునే సముద్రపు నీటితో లోపల తడిపి పెట్టుకోండి, ఆ తర్వాత వేలితో తుడవొద్దు.

బట్టలు మార్చుకుని చెప్పకుండా వెళ్లిపోవడం. ఒడ్డు మనిషి జాబితాలో మీ పేరుకు టిక్ పెట్టేదాకా మీరు నీళ్లలో ఉన్నట్టే లెక్క. చెప్పకుండా ఇంటికెళ్లిన ఒక్కరి కోసం లైఫ్‌గార్డ్‌లు గంటసేపు వెతకాల్సి రావచ్చు.

12. రాసి పెట్టుకోవడం

ఒక మామూలు నోట్‌బుక్ చాలు. ఏడాది తిరిగేసరికి మీ తీరం గురించి ఏ యాప్‌లోనూ దొరకని సంగతులు అందులో ఉంటాయి: ఏ గాలికి జెల్లీ ఫిష్ వస్తాయి, ఏ పోటుకు ఎక్కడ రిప్ పడుతుంది, తాబేళ్లు మొదట ఏ వారం కనబడ్డాయి.

ప్రతి ఈతకూ ఇవి రాయండి:

□ తేదీ, దిగిన వేళ, బయటికొచ్చిన వేళ
□ దిగినవాళ్లు, బయటికొచ్చినవాళ్లు, ఒడ్డు మనిషి పేరు
□ పోటా పాటా, గాలి ఎటు, నీరు ఎటు
□ నీటి తేటతనం: చేయి చాపితే వేళ్లు కనబడ్డాయా
□ కనబడిన జీవులు, ఎన్ని, ఎంత దూరంలో
□ కుట్టినవి, కోతలు, చేసిన చికిత్స
□ పడవలు, వలలు, చెత్త, గెడ్డ నీరు

గుర్తుపట్టలేని జీవి ఫొటోలు ఐనాచురలిస్ట్‌లో (జీవుల ఫొటోలు నమోదు చేసే వెబ్‌సైట్) పెడితే తెలిసినవాళ్లు పేరు చెబుతారు, ఆ నమోదు పరిశోధకులకూ అందుతుంది. తాబేలు గూడు ఉన్న చోటు మాత్రం అందరికీ కనబడేలా పెట్టకండి, అటవీ శాఖకు మాత్రమే చెప్పండి. నోట్‌బుక్ ఒడ్డు మనిషి సంచిలోనే ఉండాలి, తలల లెక్క సరిచూసిన వెంటనే అక్కడే రాయాలి.